హెచ్‌ఐవీతో పెరుగుతున్న పిల్లలు: మందు ఉచితమే, మరి మధ్యలో ఎందుకు ఆగుతోంది?

సంక్షిప్తంగా

హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఏఆర్‌టీ (వైరస్‌ను అదుపులో ఉంచే చికిత్స) కేంద్రాల్లో హెచ్‌ఐవీ మందు ఉచితంగా దొరుకుతుంది. టీనేజ్ పిల్లల్లో చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. అయినా మందు తప్పడం ఈ వయసులోనే ఎక్కువ. మాత్ర ఎక్కడ దాచాలి, ఎవరి కంటా పడకుండా ఎలా వేసుకోవాలి, ఆసుపత్రికి వెళ్లిన రోజు కాలేజీలో ఏమని చెప్పాలి అన్నవి అసలు చిక్కులు. పింఛను, స్పాన్సర్‌షిప్, కౌన్సెలింగ్ అన్నీ ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటి అందాలంటే ఎంతమందికి విషయం తెలియాల్సి వస్తోందో లెక్కేస్తే ఎక్కడ తేడా కొడుతోందో తెలుస్తుంది.

ఎవరీ పిల్లలు

పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వరకు ఉన్న వయసును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా లెక్కిస్తుంది. ఈ వయసులో హెచ్‌ఐవీతో ఉన్నవారిలో ఒక వర్గం పుట్టుకతో సోకినవారు. తల్లికి ఏ చికిత్సా అందకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. చికిత్స అందితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం పూర్తిస్థాయి మందులివ్వాలన్న విధానం 2014లో వచ్చింది. అంతకుముందు కాన్పు సమయంలో తల్లికి, పుట్టగానే బిడ్డకు ఒక్కో మోతాదు నెవిరపిన్ అనే మందు ఇవ్వడంతో సరిపెట్టేవారు. ఆ రోజుల్లో పుట్టినవారే ఇప్పుడు ఇంటర్, డిగ్రీ వయసుకు వచ్చారు. వీరిలో చాలామందికి తల్లో తండ్రో లేరు. అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో, పిన్ని ఇంట్లోనో పెరుగుతున్నారు.

రెండో వర్గం కౌమారంలో అడుగుపెట్టాక లైంగిక సంబంధం వల్లో సూది వల్లో సోకినవారు. వీరి పరిస్థితి మొదటి వర్గానికి తలకిందులు. పుట్టుకతో సోకిన పిల్లల విషయం ఇంట్లో పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు. రెండో వర్గంలో పిల్లలకు తెలుసు, ఇంట్లో తెలియదు. ఇద్దరికీ ఒకే కౌన్సెలింగ్ చెప్పి పంపితే ఎవరికీ అక్కరకు రాదు.

ఈ వయసును విడిగా చూడాలన్న ఆలోచన ప్రపంచవ్యాప్తంగానే ఆలస్యంగా వచ్చింది. 2005 నుంచి 2012 వరకు ఎయిడ్స్ మరణాలు మొత్తం మీద 30 శాతం తగ్గితే, కౌమార వయసువారిలో 50 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించింది. అప్పటిదాకా కార్యక్రమాలన్నీ పసిపిల్లలు, పెద్దలు అన్న రెండు అరలుగానే నడిచాయి. ఈ పిల్లలు రెండింటి మధ్యా పడిపోయారు.

మాత్ర చుట్టూ ఉన్న లెక్క

పదేళ్లు నిండి, బరువు 30 కిలోలు దాటినవారికి ఇప్పుడు సాధారణంగా ఇచ్చేది టీఎల్‌డీ. 300 మిల్లీగ్రాముల టెనోఫోవిర్, 300 మిల్లీగ్రాముల లామివుడిన్, 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర ఇది. బరువు అంతకన్నా తక్కువుంటే టెనోఫోవిర్ బదులు అబకవిర్ ఉంటుంది. పుట్టుకతో సోకిన పిల్లల్లో ఎదుగుదల వెనకబడటం మామూలే కాబట్టి, పద్నాలుగేళ్లు వచ్చినా 30 కిలోలకు చేరనివారు ఉంటారు. మందుల కన్నా ముందు ‘ఏంట్రా, ఇంకా ఐదో తరగతి పిల్లాడిలా ఉన్నావ్’ అన్న మాట వీరిని ఇబ్బంది పెడుతుంది.

వేయాల్సిన మాత్రల్లో 95 శాతం వేసుకుంటేనే క్రమం బాగున్నట్టు. నెలకు 30 మాత్రలైతే ఒకటి తప్పినా ఫర్వాలేదు, రెండు తప్పితే గీత దాటినట్టే. మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడితే మాత్రం రెండూ కలిపి మింగకూడదు.

రక్తంలో వైరస్ లెక్కను, అంటే వైరల్ లోడ్‌ను, చికిత్స మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపైన ఏడాదికోసారి చూస్తారు. మిల్లీలీటరుకు వెయ్యి కాపీలు దాటితే కౌన్సెలింగ్ పెంచి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. పెద్దలకు ఇది చాలవరకు సరిపోయే పద్ధతి. టీనేజ్ పిల్లల విషయంలో ఏడాది చాలా ఎక్కువ కాలం. పరీక్ష అయిన రెండో నెలలో మందు ఆపేసిన పిల్ల సంగతి పది నెలల దాకా కాగితం మీదికి రాదు. మందు ఆగితే వైరస్ మళ్లీ పెరగడానికి కొన్ని వారాలు చాలు. ఈలోగా ఉన్న ఒక్క కాపలా సీసాలో మిగిలిన మాత్రల లెక్క. కౌన్సెలర్ లెక్కపెడతారని తెలిసిన పిల్లలు ముందురోజే మిగులు మాత్రలు పారేసి వస్తారు. లెక్క సరిగ్గా తేలిన సీసా కన్నా, ‘ఈ నెల నాలుగు తప్పాయి’ అని చెప్పగలిగిన పిల్లవాడి మాట చికిత్సకు ఎక్కువ పనికొస్తుంది. తప్పినందుకు తిట్లు పడవని తెలిస్తేనే ఆ మాట బయటికొస్తుంది.

రాత్రే వేసుకోవాలన్న అలవాటు పాత మందుల కాలంనాటిది. అప్పటి మాత్రలో ఉన్న ఎఫవిరెంజ్ వల్ల తల తిరగడం, పీడకలలు ఉండేవి కాబట్టి పడుకునే ముందు వేసుకోమనేవారు. డోలుటెగ్రావిర్‌కు ఆ నియమం లేదు. పొద్దున వేసుకోవచ్చు, తిని వేసుకోవచ్చు, తినకుండా వేసుకోవచ్చు. కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు కూడా. అయినా ఇళ్లలో ‘రాత్రి తొమ్మిది గంటల మాత్ర’ అలాగే కొనసాగుతోంది.

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రతో మరో చిక్కు ఉంది. ఐరన్, కాల్షియం రెండూ డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనంతో పాటు అయితే రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. ఖాళీ కడుపుతో అయితే ఐరన్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో హెచ్‌ఐవీ మాత్ర పడాలి. గ్యాస్‌కు తాగే తెల్లటి సిరప్‌ల విషయంలో భోజనంతో వేసుకున్నా మినహాయింపు లేదు, ఆ వ్యవధి పాటించాల్సిందే. ఐరన్ మాత్ర మానేయమని చెప్పడం తప్పు సలహా. మానేస్తే టీచర్ కారణం అడుగుతారు, పైగా రక్తహీనత అలాగే ఉంటుంది.

హాస్టల్ గదిలో ఏం జరుగుతుంది

పదో తరగతి దాకా ఇంట్లో సాగిన మందు ఇంటర్‌లో ఆగడానికి పెద్ద కారణం హాస్టలే. నగరంలో గురుకులాలైనా ప్రైవేటు జూనియర్ కాలేజీలైనా పద్ధతి దాదాపు ఒకటే. గదికి ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. ట్రంకు పెట్టెలు తనిఖీ చేస్తారు. ఫోన్ ఉండదు కాబట్టి అలారం ఉండదు. రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవర్ నడుస్తుంటుంది. మందులేవైనా వార్డెన్ దగ్గరో నర్సు దగ్గరో అప్పగించాలంటారు. ముప్పై మాత్రల సీసా కదిపితే చప్పుడు చేస్తుంది, మీద మందు పేరు ఉంటుంది. ఆ పేరును ఫోన్‌లో కొట్టి చూడటానికి పక్కమంచం వాళ్లకు అర నిమిషం పట్టదు.

దీనికి మార్గాలు ఉన్నాయి, కాకపోతే జూన్‌లో అడ్మిషన్ కన్నా ముందే ఆలోచించుకోవాలి. డాక్టర్‌తో మాట్లాడి, వేసవి సెలవుల్లోనే మాత్ర వేళను పొద్దున స్నానం చేసే సమయానికి మార్చుకుంటే చేరేనాటికి అలవాటవుతుంది. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి కేంద్రాలు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తాయి. అదంతా హాస్టల్‌కు తీసుకెళ్లకుండా, ఔటింగ్ నుంచి ఔటింగ్‌కు సరిపడా మాత్రలు, పైన మూడో నాలుగో అదనంగా పెట్టుకుంటే చాలు. చిన్న డబ్బాలో కాస్త దూది పెడితే చప్పుడు ఉండదు. హైదరాబాద్ వానాకాలం చెమ్మకు మాత్రలు పాడవకుండా డబ్బా మూత గట్టిగా ఉండాలి, బాత్‌రూమ్ కిటికీలో పెట్టకూడదు.

సెలవు చీటీ దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. ఏఆర్‌టీ కేంద్రం ముద్ర ఉన్న ఓపీ కాగితాన్ని కాలేజీ ఆఫీసులో ఇస్తే అది నలుగురి చేతులు మారుతుంది. ‘దీర్ఘకాలిక చికిత్సలో ఉన్నారు, రోజూ మందు వాడాలి, మూడు నెలలకోసారి ఆసుపత్రికి రావాలి’ అన్నంత వరకే రాసి, పిల్లల విభాగం లేదా జనరల్ మెడిసిన్ డాక్టర్ సంతకం చేసిన ఉత్తరం ఇస్తే పని జరుగుతుంది. జబ్బు పేరు చెప్పితీరాలని పట్టుబట్టే హక్కు కాలేజీకి లేదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) ప్రకారం విద్యాసంస్థలో చేర్చుకోకపోవడం, విడిగా కూర్చోబెట్టడం, చేరాలంటే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకు రమ్మనడం నిషిద్ధం. ఎవరినీ బలవంతంగా తమ స్థితి చెప్పించకూడదు. ఉల్లంఘన జరిగితే రాష్ట్రం నియమించే అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. సాధారణ ఫిర్యాదులకు ముప్పై రోజుల గడువుంది. ప్రాణం మీదికొచ్చిన సందర్భాల్లో వీలైతే 24 గంటల్లోనే ఉత్తర్వులివ్వాలని చట్టం చెబుతుంది.

మరి దెబ్బ తగిలి రక్తం కారితే టీచర్లకు తెలియకపోతే ఎలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఏ పిల్లవాడి రక్తమైనా గ్లవ్స్ వేసుకునే తుడవాలన్నది ప్రథమ చికిత్స నియమం. ఆ నియమం అందరికీ పాటిస్తే ఎవరికి ఏముందో తెలియాల్సిన పనే లేదు. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే, ఒకే బాత్‌రూమ్ వాడితే ఇది సోకదు.

పిల్లలకు ఎప్పుడు, ఎలా చెప్పాలి

బడికెళ్లే వయసులో, అంటే ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు, పిల్లలకు వారి స్థితి తెలియజేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడి ఇళ్లలో చాలాచోట్ల అది పదమూడు, పద్నాలుగు దాకా వాయిదా పడుతుంది. అప్పటివరకు అది ‘బలం మాత్ర’ లేదా ‘గుండెకు మాత్ర’. అమ్మమ్మను తప్పుపట్టడం తేలికే. కానీ ఆమెకు పిల్లాడి జబ్బు గురించి చెప్పడమంటే కూతురు ఎలా పోయిందో చెప్పడం, ఒక్కోసారి అల్లుడి గురించీ చెప్పడం. అందుకే వాయిదా వేస్తుంది.

వాయిదా వేసినంత మాత్రాన పిల్లలకు తెలియకుండా పోదు. ఆకుపచ్చ చికిత్స పుస్తకం మీద రాసింది చదువుతారు, కేంద్రం గోడ మీది పోస్టర్లు చూస్తారు, ఎనిమిదో తరగతి తర్వాత సీసా మీది పేరు వెతుకుతారు. అలా తమంతట తాము కనుక్కున్నవారికి జబ్బు కన్నా ‘ఇన్నేళ్లూ నాతో అబద్ధమాడారు’ అన్నది ఎక్కువ గుచ్చుకుంటుంది. కోపం పెద్దల మీదే అయినా మానేసేది మాత్ర.

విడతలవారీగా చెప్పడం మేలైన పద్ధతి. ఆరేడేళ్లకు ‘నీ రక్తంలో ఒక క్రిమి ఉంది, ఈ మందు దాన్ని నిద్రపుచ్చుతుంది’ అని చెబితే చాలు. తొమ్మిది, పదేళ్లకు మందు మానితే ఏమవుతుందో, వైరల్ లోడ్ అంటే ఏమిటో చెప్పవచ్చు. పేరు పెట్టి చెప్పే రోజున కౌన్సెలర్, ఇంటి పెద్ద ఇద్దరూ ఉండాలి. ఆ రోజే ‘ఇది నీ తప్పు కాదు’ అనీ, ఎవరికి చెప్పవచ్చో ఎవరికి చెప్పక్కర్లేదో కూడా మాట్లాడుకోవాలి. పరీక్షల ముందు, పండగ పూట, ఇంట్లో ఎవరైనా పోయిన కొద్దిరోజులకు ఈ పని పెట్టుకోకూడదు. చెప్పిన రెండు మూడు వారాలకు మళ్లీ పిలవాలి. మొదటిరోజు మౌనంగా తలూపిన పిల్లలు అసలు ప్రశ్నలు అప్పుడడుగుతారు. పెళ్లవుతుందా, పిల్లలు పుడతారా, ఎన్నాళ్లు బతుకుతాను అన్నవి దాదాపు అందరూ అడిగేవే. సమాధానాలు ధైర్యం చెప్పేవే. మందు క్రమంగా వాడి వైరస్ పరీక్షలో కనిపించనంత తగ్గితే లైంగికంగా మరొకరికి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఆయుర్దాయం కూడా మిగతావారికి దగ్గరగానే ఉంటుంది.

డబ్బు సాయం, దాని వెనక కాగితాలు

తెలంగాణలో ఆసరా (ఇప్పుడు చేయూత) పింఛను పొందే వర్గాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు ఒకరు. 2019 నుంచి ఆ మొత్తం నెలకు 2,016 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య కింద పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ పద్దెనిమిదేళ్ల వరకు అందుతుంది. నగరంలో కుటుంబ వార్షికాదాయం 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తుంది, జిల్లా స్థాయి కమిటీ ఆమోదిస్తుంది.

రెండింటికీ ఒక తేడా ఉంది. మొదటిది జబ్బు పేరు మీదే వస్తుంది కాబట్టి జాబితాలో పేరున్నంత కాలం అది చూసే ప్రతి ఉద్యోగికీ విషయం తెలుస్తుంది. తెలిసినవారు వార్డు ఆఫీసులో ఉన్నారన్న భయంతోనే దరఖాస్తు పెట్టని కుటుంబాలుంటాయి. స్పాన్సర్‌షిప్‌కు అలా చెప్పుకోవాల్సిన పని అన్నిసార్లూ లేదు. తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు ఉండటం ఒక అర్హత అయితే, అనాథగా బంధువుల ఇంట్లో పెరగడం మరో అర్హత. తల్లిదండ్రులు లేని పిల్లలకు రెండో దారిలో దరఖాస్తు పెడితే మరణ ధ్రువీకరణ పత్రాలు, ఆదాయ పత్రం, ఆధార్, బడి బోనఫైడ్, బ్యాంకు ఖాతా చాలు. మరణ ధ్రువీకరణ పత్రంలో చావుకు కారణం రాయరు కాబట్టి దాని వల్ల జబ్బు బయటపడదు. ఈ తేడా ముందే చెప్పే కౌన్సెలర్ దొరికితే కుటుంబానికి సగం భయం తీరుతుంది.

రానుపోను ఖర్చు చిన్నదిగా కనిపించినా మందు తప్పించేది చాలాసార్లు అదే. శివార్లలో ఉండేవారు గాంధీకో ఉస్మానియాకో నిలోఫర్‌కో రావాలంటే సగం రోజు పోతుంది, వెంట వచ్చే పెద్దమనిషికి కూలీ పోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆడపిల్లకూ, తోడొచ్చే అమ్మమ్మకూ ఆ భారం తగ్గింది. మగపిల్లలకు తగ్గలేదు.

తల్లిదండ్రులు పోయిన ఇళ్లలో ఆస్తి తగాదా కూడా చికిత్సలోకి దూరుతుంది. ఇల్లు రాయించుకున్న బంధువు పిల్లల్ని పట్టించుకోకపోవడం కొత్త కాదు. హెచ్‌ఐవీ బాధిత పిల్లల ఆస్తిని కాపాడాల్సిన బాధ్యత చట్టం ప్రభుత్వాల మీద పెట్టింది. అదే చట్టంలోని 32వ సెక్షన్ గురించి తెలిసినవారు తక్కువ. ఇంటి వ్యవహారాలు చూసుకోగల పరిణతి ఉంటే 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న అక్కో అన్నో, బడిలో చేర్పించడం, బ్యాంకు ఖాతా, ఆస్తి, వైద్యం లాంటి విషయాల్లో తమ్ముడికో చెల్లెలికో సంరక్షకులుగా సంతకం పెట్టవచ్చు. బ్యాంకు కౌంటర్‌లో ఈ మాట చెబితే మొదట నమ్మరు, చట్టం ప్రతి చేతిలో ఉండాలి.

తోటివారి ఆసరా ఎక్కడ పనిచేసింది

జింబాబ్వేలో జ్వాందిరి అనే కార్యక్రమం హెచ్‌ఐవీతోనే ఉన్న 18 నుంచి 24 ఏళ్ల యువతకు శిక్షణ ఇచ్చి, చిన్నవారికి తోడుగా పెడుతుంది. ఇంటికి వెళ్లడం, మెసేజ్‌లు పెట్టడం, నెలకోసారి కలుసుకోవడం, అవసరమైతే క్లినిక్‌కు వెంట వెళ్లడం వీరి పని. క్లినిక్‌లను రెండు భాగాలు చేసి 96 వారాలు పరిశీలించిన అధ్యయనం 2020లో వెలువడింది. మామూలు వైద్యం అందిన చోట 36 శాతం మందిలో వైరస్ అదుపు తప్పడమో మరణమో సంభవించింది. తోటివారి తోడున్న చోట అది 25 శాతం. మందులు రెండు చోట్లా ఉన్నాయి.

దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే కుదరదు. బస్తీలో ఒక కొత్త అబ్బాయి నెలకోసారి ఇంటికొస్తే మూడోసారికి ఇరుగుపొరుగు ‘ఎవరతను’ అంటారు. విడత మందు తీసుకునే రోజునే, కేంద్రం ఆవరణలోనే, బోర్డు లేని గదిలో కలుసుకోవడం ఇక్కడ నయం. అందుకు మరో రోజు సెలవు పెట్టక్కర్లేదు, మరో బస్సు ఛార్జీ అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులు పైకి తేలికగా కనిపిస్తాయి కానీ చాలా ఇళ్లలో ఫోన్ ఒకటే, అది అన్న చేతిలోనో మామయ్య చేతిలోనో ఉంటుంది. గ్రూపులో చేరిన ప్రతివారి నంబరూ మిగతావారికి కనిపిస్తుంది. విడివిడిగా పంపే మెసేజ్, అందులో ‘రేపు ట్యూషన్ ఉంది’ లాంటి ముందే అనుకున్న మాట చాలు. పాతబస్తీ పిల్లలకు ఉర్దూలో మాట్లాడే తోడు కావాలి. ఈ పని చేసే యువతకు గౌరవ వేతనం ఇవ్వకపోతే ఏడాది తిరక్కుండా ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు, పిల్లలు మళ్లీ కొత్త ముఖానికి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

కౌన్సెలింగ్‌లో చట్టమే అడ్డుపడే చోటు ఒకటుంది. పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివారితో లైంగిక సంబంధం నేరం, ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి, చెప్పకపోతే శిక్ష. పదిహేడేళ్ల పిల్ల తన స్నేహితుడి గురించి నోరు విప్పితే కౌన్సెలర్ ఇరకాటంలో పడతారు. అందుకే కొందరు ఆ ప్రశ్నే అడగరు. అడగకపోతే కండోమ్ మాట రాదు, గర్భం మాట రాదు. చట్టం ఎంతవరకు గోప్యత ఇస్తుందో మొదటి రోజే పిల్లలకు చెప్పి, ఎవరి గురించీ పేరు పెట్టకుండా సమాచారమంతా అందరికీ ఇచ్చేయడం ఇప్పటికున్న దారి.

పద్దెనిమిది దాటాక

ఉద్యోగం, విదేశం అన్న రెండు ఆలోచనలు ఇక్కడి యువతను తొందరపెడతాయి. ఉద్యోగంలో చేరడానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టడం చట్టవిరుద్ధం. అమెరికా 2010 జనవరి 4న హెచ్‌ఐవీని ప్రవేశ నిషేధ జాబితా నుంచి తీసేసింది, చదువుకు వెళ్లడానికి అది అడ్డు కాదు. గల్ఫ్ దేశాల సంగతి వేరు. పని వీసాకు ముందు చేసే వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ ఉంటుంది, పాజిటివ్ అయితే వీసా రాదు. ఏజెంట్‌కు అప్పు చేసి డబ్బు కట్టాక ఈ సంగతి తెలిసిన కుటుంబానికి రెండు దెబ్బలు. తెలంగాణ ఇళ్లలో గల్ఫ్ ఆలోచన ఎంత మామూలో తెలిసిందే కాబట్టి, పదహారో ఏటే కౌన్సెలింగ్‌లో ఈ ప్రస్తావన రావాలి.

పిల్లల కేంద్రం నుంచి పెద్దల కేంద్రానికి మారడం కాగితం మీద ఒక బదిలీ. పిల్లల విభాగంలో పేరు పెట్టి పిలిచే కౌన్సెలర్, కూర్చోబెట్టి మాట్లాడే డాక్టర్ ఉంటారు. పెద్దల కేంద్రంలో పొడవాటి వరస, తక్కువ సమయం. తల్లిదండ్రులు లేక సంరక్షణ గృహాల్లో పెరిగినవారు అదే సమయంలో ఆ గృహం కూడా వదలాలి. బాలల న్యాయ చట్టంలో 21 ఏళ్ల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 వరకు తర్వాతి సంరక్షణకు వీలుంది. అయితే దానికి పద్దెనిమిది నిండకముందే దరఖాస్తు కదలాలి. మార్పు సాఫీగా జరగాలంటే పదహారు నుంచే పిల్లలు తమ మందు పేరు, చివరి వైరల్ లోడ్, వచ్చే తేదీ తామే చెప్పగలగాలి. ఏడాది ముందే ఒకసారి కొత్త కేంద్రం చూసి రావాలి. మొదటి రెండు సందర్శనలకు తెలిసిన తోడు ఉండాలి. పంపిన కేంద్రం నెల తిరిగేలోగా ఫోన్ చేసి, మందు తీసుకున్నారో లేదో అక్కడి రిజిస్టర్‌తో సరిచూసుకోవాలి. ఆ ఫోన్ చేయడం ఎవరి పని అన్నది రాతపూర్వకంగా ఒకరి పేరు మీద ఉండాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియని పరిస్థితి వస్తే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేసి దగ్గరలోని కేంద్రం వివరాలు అడగవచ్చు.